ఆ తెడ్డు ఇలా ఇవ్వండి

కార్తీక మాసం వస్తే బెజవాడలో సగం ఊరు పడవెక్కుతుంది. మీరూ ఎక్కే ఉంటారు. పున్నమి ఘాట్ దగ్గర టికెట్ తీసుకుని, పులిహోర డబ్బాలు సంచిలో సర్దుకుని, భవానీ ద్వీపంలో వనభోజనాలు చేసి, పొద్దుగూకేలోపు తిరిగి వస్తాం. ఈసారి ఎక్కినప్పుడు ఇంద్రకీలాద్రి వంక తర్వాత చూద్దురుగాని, ముందు పడవలో ఎవరెక్కడ కూర్చున్నారో చూడండి. మగపిల్లలు ముక్కు దగ్గరికి పరిగెడతారు. మగవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగి సరంగు పక్కన చేరతారు. ఇంజను ఎన్ని హార్స్‌పవరో, లీటరు డీజిలుకి ఎంత దూరం పోతుందో ఆరా తీస్తుంటారు. ఆడవాళ్ళు నడిమధ్యన, పిల్లల రెక్కలు పట్టుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటారు. అక్కడే కూర్చోమని ఎవరూ అనలేదు. అయినా ఏ పడవ చూసినా ఇంతే.

అది చూసినప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు. అందుకే ఇవాళ మీతో ఈ కబుర్లు.

"నాకు నీళ్ళంటే భయమండీ" అన్న మాట మన వైపు ఆడవాళ్ళ నోట తరచూ వింటాం. మనమున్నది ఎక్కడ? పక్కన కృష్ణ. ఊరి నడుమనుంచి ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ. దిగువకి పోతే దివిసీమ, ఆపైన సముద్రం. రైలు వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఈ కాలవల మీదే ధాన్యం పోయింది, ఉప్పు వచ్చింది, పెళ్ళివారు తరలివెళ్ళారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు మోకు భుజాన వేసుకుని లాగేవారు. ఇన్ని నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి నీళ్ళంటే భయం ఎక్కడినుంచి వచ్చింది? "రేవు దగ్గరికి పోకు", "కాలవ గట్టున ఆటలేమిటి, ఇంట్లోకి రా" అని ఒక్కో మాటే చెప్పి నేర్పారు. అదే ఇంట్లో మగపిల్లవాడికి మావయ్య ఎండు సొరకాయ బుర్రలు నడుముకి కట్టి కాలవలోకి దింపేవాడు. వాడు నాలుగు గుటకలు మింగి పైకి వచ్చేవాడు. మర్నాడు మళ్ళీ దిగేవాడు. చెల్లెలు గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడేది.

మనకి లేనిది ధైర్యం కాదండీ. పురుళ్ళు పోసుకున్నవాళ్ళం, తుఫాన్లలో ఇళ్ళు కాచుకున్నవాళ్ళం. పడవ ఏం చేస్తుందో తెలియకపోవడమే మన బాధంతా. చేతిలో ఏమీ లేకుండా కూర్చున్న మనిషికి పడవ ఏ కొంచెం ఒరిగినా గుండె జారుతుంది. తెడ్డు పట్టుకున్న మనిషికి ఆ ఒరగడం ఒక కబురు, అంతే.

మన భారతంలో సత్యవతి ఉంది కదా, తండ్రి దాశరాజు చెప్పగా యమున మీద రేవు నడిపింది. పరాశర మహర్షి ఎక్కింది ఆవిడ పడవే. వ్యాసుడు పుట్టింది ఆ ఏటి నడుమ లంకలో, అందుకే ఆయన ద్వైపాయనుడయ్యాడు. హరికథల్లో, సినిమాల్లో పరాశరుడి ఘట్టం అందరూ చెబుతారు. ఏ పూట నీళ్ళు ఎంత లోతో, ఏ గాలికి ముక్కు ఎటు తిప్పాలో ఎరిగిన పిల్ల కనకనే ఆ ముని అవతలి ఒడ్డుకి బయల్దేరాడన్న సంగతి ఎవరూ ఎత్తరు. భరతవంశపు పట్టపురాణి అంతకుముందు పడవ నడిపిన మనిషి. ఇది తలుచుకుంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో!

అంత పాత కథలదాకా ఎందుకు, తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ అవతల సీతానగరం ఒడ్డున నిలబడండి. నాటుపడవలు కనిపిస్తాయి. ఒక్కో పడవలో ఇద్దరు, చాలావాటిలో మొగుడూ పెళ్ళాం. ఆయన ముందు నిలబడి విసురువల మోచేతి మీద మడతలు పెట్టుకుంటాడు. ఆవిడ వెనక కూర్చుని తెడ్డు పట్టుకుంటుంది. మన కళ్ళు ఆయన మీదకే పోతాయి, వల గాలిలో విచ్చుకోవడం అంత అందంగా ఉంటుంది మరి. ఒక్కసారి ఆవిడ చేతుల వంక చూడండి. ఆయన వల విసిరిన ఊపుకి పడవ వెనక్కి తన్నుతుంది. తెడ్డు నీళ్ళలో అడ్డంగా నిలిపి ఆ తన్నుని ఆవిడ ఆపుతుంది. వల మునిగాక గాలి పడవని వల మీదకి నెట్టబోతుంటే, తెడ్డు పైకి తియ్యకుండానే కొంచెం కొంచెం తిప్పుతూ పడవని ఉన్నచోటే నిలుపుతుంది. ఆయన వల లాగేటప్పుడు బరువంతా ఒక అంచు మీద పడుతుంది. ఆయనేమీ చెప్పకుండానే ఆవిడ రెండో అంచుకి జరుగుతుంది. ఇదంతా అయ్యేసరికి ఆమె చూపు ఒక్కసారి కూడా తెడ్డు మీదకి పోదు.

ఇంతా చేస్తే ఊరి లెక్కలో వల విసిరినాయన జాలరి, తెడ్డు పట్టినావిడ జాలరి పెళ్ళాం.

ఈ లెక్క మారదని అనుకోకండి. కేరళలో త్రిస్సూరు జిల్లా చేటువాలో రేఖ అని ఒకావిడ ఉంది. భర్తతో కలిసి చిన్న పడవలో సముద్రం మీదకి వేటకి వెళ్ళేది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2017లో ఆవిడని పిలిచి సత్కరించింది. సముద్రంలో చేపల వేటకి లైసెన్సు పొందిన తొలి మహిళగా దేశమంతా ఆవిడ పేరు చదివింది. ఆవిడ అంతకుముందు చేసిన పనే ఆ తర్వాతా చేసింది. కాగితం మీద పేరు పడింది, అదొక్కటే తేడా. మన కృష్ణ మీద తెడ్డు పట్టే చేతులకి ఆ కాగితం ఎప్పుడొస్తుందా అని నా ఆశ.

నాకు తెడ్డు పట్టడం నేర్పింది అలాంటి ఒకావిడే. పేరు రాయను. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మగారూ అంటుంది, మానమన్నా మానదు. మొదట ఎక్కడం నేర్పింది. "అంచు మీద కాలెయ్యకండి, నడిమికెయ్యండి. రెండు చేతులూ రెండంచుల మీద ఆనించి ఒంగి రండి. పడవలో నిటారుగా నుంచునేది వలేసేవాడొక్కడే" అంది. కూర్చున్నాను. తెడ్డు చేతికిస్తుందని చూస్తుంటే తనే రెండంచులూ పట్టుకుని, "ఇప్పుడు ఊపుతాను, కూకోండి" అని పడవని అటూ ఇటూ ఊపడం మొదలెట్టింది. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. ఇంకొంచెం ఊపింది. వేళ్ళకి తడి తగిలింది. అప్పుడు ఆపేసింది. పడవ రెండు మూడుసార్లు ఊగి దానంతటదే నిలబడింది.

"ఎంత ఒరిగితే పడుద్దో చూశారా? అందాకా రానియ్యకుండా చూసుకోవడమే మన పని" అంది.

ఆ ఒక్క మాటకి నాలో ఏదో కుదుటపడింది. చిన్నప్పటినుంచీ ఎవరెవరో "ఏం కాదులే, భయపడకు" అని చెప్పిన ధైర్యాలన్నీ ఒక ఎత్తు, ఆ ఊపు ఒక ఎత్తు. ఏం కాదని ఆవిడ అనలేదు. ఎప్పుడు అవుతుందో చూపించింది.

తర్వాత తెడ్డు. చేతులతో లాగితే కాసేపటికే భుజాలు పట్టేస్తాయి. కాళ్ళు పడవ అడ్డకొయ్యకి తన్నిపెట్టి, నడుము తిప్పుతూ వెయ్యాలి. తెడ్డు నీళ్ళలో పూర్తిగా మునిగాకే లాగాలి. ఒకే పక్క వేస్తూ ఉంటే పడవ రెండో పక్కకి తిరిగిపోతుంది. అందుకని ప్రతి వేటు చివర తెడ్డు ఆకుని కాస్త బయటికి తిప్పి, చుక్కానిలా నీళ్ళలో ఒక్క క్షణం ఉంచాలి. అప్పుడు పడవ గీత గీసినట్టు పోతుంది. ఇది మాటల్లో ఎంత చెప్పినా అర్థం కాదు. చేతికి తెలిసిన రోజున మాత్రం ఇక మరవదు.

అన్నిటికంటే నాకు అపురూపంగా తోచింది ప్రవాహాన్ని దాటడం. అవతలి ఒడ్డున ఒక రేవు చూసుకున్నాం, అక్కడికి వెళ్ళాలి. నేరుగా దాని వైపు ముక్కు పెడితే చేరేసరికి నీటి వాలు మనల్ని ఎంతో దిగువకి ఈడ్చేస్తుంది. "రేవు వంక చూడొద్దమ్మగారూ. రేవుకి ఎగువన ఆ తుమ్మచెట్టుంది చూడండి, దాని మీద పెట్టండి ముక్కు" అంది అక్క. ముక్కు ఎగువకి ఏటవాలుగా పెట్టి, తెడ్డు ఆపకుండా వేస్తూ ఉంటే పడవ ముందుకి పోతున్నట్టే ఉండదు, పక్కకి జరుగుతూ ఉంటుంది. మనల్ని కిందికి తోసే నీళ్ళే మనల్ని అవతలికి చేరుస్తాయి. ముక్కు మరీ ఎగువకి తిప్పితే ఉన్నచోటే ఉంటాం, మరీ దించితే కొట్టుకుపోతాం. ఆ రెంటికీ మధ్య సందు చేతులకి తెలియాలి. ఒడ్డుకి చేరేటప్పుడూ అంతే, ఎప్పుడూ నీళ్ళకి ఎదురుగానే రావాలి. అప్పుడు పడవ నెమ్మదిస్తుంది, మన మాట వింటుంది.

నేర్చుకునేవాళ్ళకి బెజవాడని మించిన చోటు లేదని నా నమ్మకం. ఇక్కడ నదికి ఆనకట్ట 1855 నాటికే పడింది. ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో తయారైంది. దాని 70 గేట్లూ దించి ఉన్నప్పుడు ఎగువన 12 అడుగుల మట్టంలో మూడు టీఎంసీల పైచిలుకు నీళ్ళు నిలుస్తాయి. అది నదిలాగ కనిపించే చెరువే. సంక్రాంతి దాటాక పొద్దున్నే గాలి లేని వేళ చూడండి, పసిపిల్ల నడక నేర్చుకున్నట్టు నేర్చుకోవచ్చు. అయితే బ్యారేజీ గేట్ల దాపుల్లోకి మాత్రం ఎప్పుడూ పోకూడదు. పైన నిలకడగా కనిపించే నీళ్ళు గేటు ఎత్తిన క్షణంలో లోపలనుంచి లాగుతాయి. వానాకాలం పై డ్యాములనుంచి నీళ్ళు వదిలారంటే అసలు పడవ దింపకూడదు. విజయదశమికి మన దుర్గమ్మవారికి హంసవాహనం మీద తెప్పోత్సవం చేస్తారా, వరద జోరుగా ఉన్న ఏడాది ఆ వాహనాన్ని కూడా నదిలో తిప్పరు. ఒడ్డుకి కట్టి ఉంచే పూజ కానిస్తారు. దింపకూడని రోజు దింపకపోవడం కూడా పడవ నడపడంలో భాగమేనండీ.

కొల్లేటి లంకల్లో వెనకటి ఆడవాళ్ళకి ఇదేమీ కొత్త సంగతి కాదు. తాటిమాను తొలిచి చేసిన దోనె మీద గెడ వేసుకుంటూ గడ్డి మోపులు తెచ్చుకున్నవాళ్ళు, పక్క లంకకి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చినవాళ్ళు. గెడ వెయ్యడంలో ఒక కిటుకుంది. బురదలో గెడ దిగబడిపోతే లాగుతూ కూర్చోకూడదు, ఒకసారి మెలితిప్పి వదిలెయ్యాలి. పట్టుకుని వేలాడితే పడవ ముందుకి పోతుంది, మనం గెడ దగ్గరే మిగిలిపోతాం. ఇంకా దిగువకి పోతే నాగాయలంక, ఎదురుమొండి. అక్కడ నదికి సముద్రపు పోటు, పాటు తగులుతాయి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎంత ఎక్కుతుందో ఆ ఊళ్ళ ముసలమ్మలు చందమామని చూసి చెప్పేస్తారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరం చూసిన నీళ్ళు మామూలు నీళ్ళు కావు. అయినా పంటు ఎక్కకుండా, పడవ ముట్టకుండా ఆ లంకల్లో బతుకు లేదు. ఆ ఆడవాళ్ళకి తెలిసినదంతా ఎవరైనా కూర్చుని రాసి పెడితే ఎంత బావుండునో.

ఇప్పుడు మీకు మన అమ్మాయిల సంగతి ఒకటి చెప్పాలి. 2017 సెప్టెంబరు 10న గోవానుంచి ఐఎన్‌ఎస్‌వీ తరిణి అనే తెరచాప పడవ బయల్దేరింది. పొడవు 55 అడుగులు, మన కాలవ పడవలంత. అందులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు, మగవాళ్ళు ఒక్కరూ లేరు. వర్తికా జోషి సారథి. తక్కిన ఐదుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీదుగా వెళ్ళి, పసిఫిక్ దాటి, 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టారు. ఓడల్ని మింగిన చోటని నావికులు తరతరాలుగా చెప్పుకునే మలుపు అది. అక్కడినుంచి ఫాక్లాండ్ దీవులు, కేప్‌టౌన్. ఇంటిదారి పట్టాక చుక్కాని పనిచెయ్యక మారిషస్‌లో పోర్ట్ లూయిస్ రేవుకి చేర్చి బాగు చేయించుకున్నారు. మే 21న గోవా చేరేసరికి 254 రోజులయ్యాయి, 21,600 నాటికల్ మైళ్ళు దాటారు. అంటే భూమి చుట్టూ ఒక తిరుగుడు.

నన్ను ఈ ప్రయాణంలో ఎక్కువ కదిలించేది కేప్ హార్న్ కూడా కాదు. పగలూ రాత్రీ వంతులు వేసుకుని చుక్కాని దగ్గర కూర్చోవడం, వంట, తెర మార్చడం, మోటారు విప్పి బిగించడం, చిరిగిన తెరచాప కుట్టుకోవడం, అన్నీ ఆ ఆరుగురివే. "కాస్త ఇది చూసిపెట్టండి" అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. అమ్మాయిలకి నేర్పేటప్పుడు సగంలో పని చేతిలోంచి లాక్కుని "ఉండు, నేను చేస్తాలే" అనే అలవాటు మన ఇళ్ళలో ఎంత ఉందో మీకు తెలుసు. ఆ మాట వినపడని చోట మనిషి ఎంత త్వరగా నేర్చుకుంటుందో తరిణి చెబుతుంది.

చిన్న చోట్ల కూడా ఇది జరుగుతోంది. హైదరాబాదులో 2009లో మొదలైన యాట్ క్లబ్ హుస్సేన్ సాగర్ మీద బస్తీల పిల్లలకి తెరచాప పడవ నడపడం నేర్పుతూ వచ్చింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలదాకా వెళ్ళింది. కలకత్తా దగ్గర హుగ్లీ నదిలో పెద్ద పెద్ద ఓడల్ని దారి చూపి రేవుకి చేర్చే పైలట్లలో రేష్మా నీలోఫర్ నాహా ఉంది, చెన్నై అమ్మాయి. ఒండ్రు మేటలు రోజుకోచోటికి జరిగే నది అది. మన బెజవాడే 2018 నవంబరులో పున్నమి ఘాట్ ముందు ఎఫ్1 హెచ్2ఓ పవర్ బోట్ పందేలు చూసింది. ఆ పందేల్లో గ్రాండ్ ప్రీ గెలిచిన తొలి మహిళ నార్వేకి చెందిన మారిట్ స్ట్రోమోయ్, 2015లో షార్జాలో గెలిచింది. ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరిన ఆడపిల్లలు 27 అడుగుల వేలర్ పడవని తెడ్లు వేసి లాగుతారు. మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే అమ్మాయి ఉంటే కాలేజీలో ఆ వింగ్ ఉందేమో కనుక్కోమనండి.

ఇదంతా సరదా సంగతిగా చెప్పడంలేదు. 2024 ఆగస్టు ఆఖరున కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు గట్టు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ మీదకి వచ్చిపడింది. మర్నాడు బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు కూడా చెరిగిపోయింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీకి గుద్దుకుని గేట్ల దిమ్మెలు దెబ్బతిన్నాయి. బుడమేరు గండ్లు మూడూ పూడ్చేసరికి 7వ తేదీ అయింది. ఆ రోజుల్లో మేడ మీద పాలకోసం, మందులకోసం, పురిటి నొప్పులతో పడవ దారి చూస్తూ నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వచ్చిన పడవలు నడిపిన చేతుల్లో ఆడ చేయి మాత్రం నాకు కనపడలేదు.

ఆ సందులు తలుచుకోండి. మునిగిన కార్లు, కనపడని కాలవ గట్లు, కరెంటు తీగలు, గోడకీ గోడకీ మధ్య ఇరుకు. పెద్ద మోటారు పడవ అక్కడ తిరగదు. గెడ ఉన్న చిన్న పడవ కావాలి, ఆ వీధి ఎరిగిన మనిషి కావాలి. ఏ ఇంట్లో మంచం పట్టిన అత్తగారు ఉంది, ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలు ఉంది, ఏ ఇంటి వెనక మెట్లున్నాయి, ఇవన్నీ ఎవరికి తెలుసు? ఆ వీధి ఆడవాళ్ళకి తెలుసు. వాళ్ళలో నలుగురికి పడవ పట్టడం వచ్చి ఉంటే! పడవ గోడకి ఆనగానే అందరూ ఒకే అంచు మీదకి ఒరగకుండా ఒక్కొక్కరినే నడిమికి దింపడం, బరువు సర్దడం, "మీరు కూర్చోండి, మీరు అటు జరగండి" అని గట్టిగా చెప్పడం వాళ్ళకి వచ్చి ఉంటే! వరద లేని రోజున కూడా ఈ తెలివి కావాలి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలునుంచి సరదాగా వచ్చినవాళ్ళు. ఆ పడవకి అనుమతి లేదు, ఎక్కినవాళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. పడవ గురించి నాలుగు సంగతులు తెలిసిన ఆడవాళ్ళు గట్టు మీదే ఆగి, "జాకెట్లేవి? ఇంతమందిని ఎక్కించుకుంటారా?" అని నిలదీసే రోజు రావాలని నేను కోరుకుంటున్నాను. పడవ సంగతి తెలిస్తే అలా అడగడానికి నోరు వస్తుంది.

ఆడవాళ్ళకి పడవ నేర్పడం జరగని పని కాదు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతోపాటే ఆడవాళ్ళకి సైకిల్ నేర్పించారు. షీలారాణి చుంకత్ అప్పటి కలెక్టరు. మొదట అందరూ నవ్వారు. తర్వాత పల్లెపల్లెనా వేలకి వేలు ఆడవాళ్ళు సైకిళ్ళ మీద కనిపించారు. లక్షమందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పి.సాయినాథ్ రాశారు. నీళ్ళకీ, బస్సుకీ, బజారుకీ ఎవరినీ బతిమాలక్కర్లేకపోయింది. మనకి ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది. అదే దళం 2021 మొదట్లో గంగ ఒడ్డున గఢ్‌ముక్తేశ్వర్‌లో ఆడవాళ్ళతోనే ఒక జట్టు నిలిపింది. 2021లో వచ్చిన కొత్త లోతట్టు నౌకల చట్టంలో సరంగు సర్టిఫికెట్‌కి ఆడా మగా తేడా లేదు. అంటే కావలసినవన్నీ ఉన్నాయి. నేర్పేవాళ్ళు సీతానగరం రేవులోనే ఉన్నారు, ఆ అక్కల్ని గురువులుగా కూర్చోబెట్టి జీతమిస్తే చాలు. నా మాట వింటే వాళ్ళకే మొదటి సర్టిఫికెట్లు ఇవ్వాలి.

ఇంతదాకా చదివి "సరే, నేనూ వస్తాను" అన్నవాళ్ళకి నాలుగు మాటలు. ఈత రాకపోతే నేర్చుకోవడం మొదలెట్టండి, అయితే అది పూర్తయ్యేదాకా పడవని వాయిదా వెయ్యక్కర్లేదు, లైఫ్ జాకెట్ ఉంటే చాలు. జాకెట్ తొడుక్కున్నాక పట్టీలన్నీ బిగించి, పక్కనున్నామెని మీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవులదాకా వస్తే వదులుగా ఉన్నట్టు, మళ్ళీ బిగించండి. చీరైతే కుచ్చిళ్ళు ఎగ్గట్టి కొంగు నడుముకి దోపుకోండి. పంజాబీ డ్రెస్సయితే చున్నీ ఒడ్డునే ఉంచండి, ఇంజను పడవైతే మరీ ముఖ్యం. ఇంజను పిడి ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, మొదట్లో తికమకగా ఉంటుంది, కంగారుపడకండి. ఇంజను ఆపే తాడు ఒకటుంటుంది, దాన్ని మణికట్టుకి తగిలించుకున్నాకే ఇంజను లాగండి, మీరు పడితే అదే ఇంజను ఆపుతుంది. మీవారు వచ్చి చూస్తానంటే రానివ్వండి, గట్టు మీద కూర్చోమనండి, తెడ్డుకి చెయ్యి మాత్రం వెయ్యనివ్వకండి. ఆడపిల్లలుంటే వెంట తీసుకురండి, మీకంటే ముందు వాళ్ళకి వస్తుంది.

మొదటి రోజు ఎక్కడం, దిగడం, తాడు కట్టడం, అంతవరకే. ముడి వదులైతే పొద్దునకి పడవ ఎక్కడుంటుందో చెప్పలేం గనక, చీకట్లో కూడా కట్టగలిగేదాకా అక్క వదలదు. తెడ్డు రెండో రోజు ఇస్తుంది.